స్పేస్‌బార్ వంచిన గీతలు

స్పేస్‌బార్ అనే పేరు ఆమెకు ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మధ్యాహ్నానికల్లా వచ్చి నెత్తిన పడింది. ఆ తర్వాత ఎంతకాలమైనా దిగలేదు.

కంపెనీల కేటలాగులకు పేజీలు కట్టే ఆఫీసది. పంపులు, వాల్వులు, బేరింగులు, వాటి విడిభాగాలు, ఏ మోడలుకు ఏ సైజు, ఏ సైజుకు ఎంత బరువు, పుస్తకం తెరిస్తే చాలు అన్నీ పట్టికలే. చేరిన రోజున ఆమె చేతికి ఒక బుల్లి పట్టిక ఇచ్చి కట్టమన్నారు. అంతకుముందు ఏదో దుకాణంలో ఉత్తరాలు టైపు చేసిన చెయ్యి అది. అంకెలు ఒకదాని కింద ఒకటి రావాలంటే ఖాళీలు పెట్టే స్పేస్‌బార్ మీట నొక్కుకుంటూ జరపడం తప్ప ఇంకో దారి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. టకటకా నొక్కింది, తెరమీద అన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి, లోలోపల మురిసిపోయింది.

మాస్టారు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆ గదికి పెద్ద ఆయనే. ఆమె భుజం మీంచి చెయ్యి చాచి అక్షరాల రకం మార్చాడు. అంతే, అంకెలన్నీ ఎటు పడితే అటు చెదిరిపోయాయి. "అందరూ ఇటు చూడండి. మన ఆఫీసుకి కొత్త స్పేస్‌బార్ వచ్చింది," అన్నాడు. గది గదంతా పగలబడి నవ్వింది. తల కొట్టేసినట్టయి, ఏం చెయ్యాలో తోచక ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఇంటికెళ్ళాక తనమీద తనకే అసహ్యం వేసింది.

మాస్టారికీ వెనకాల ఒక పేరుంది, మిల్లీమీటరు అని. మనిషి ఎంత దుర్మార్గుడైనా పనిమంతుడని ఒప్పుకోక తప్పదు. ఆ ఆఫీసులో వాడే ప్రోగ్రాములో గీతలు చేత్తో గియ్యరు. ఏ గడి ఎంత వెడల్పు, ఏ వరస ఎడమకి, ఏది కుడికి, ఏది మధ్యకి, అంకెల్లో చుక్క కింద చుక్క రావాలా వద్దా, ఇవన్నీ మాటల్లో ఆజ్ఞలుగా రాసి మీట నొక్కితే పేజీని అదే కట్టుకొస్తుంది. మామూలు పట్టికైతే ఎవరైనా కట్టగలరు. చిక్కంతా పట్టికలో పట్టిక వచ్చినప్పుడు. పెద్ద పట్టికలో ఒక్కో వరస ఒక్కో పంపు. ఆ వరసలో ఒక గడి తెరిస్తే అందులో సైజుల పట్టిక. ఆ సైజుల్లో ఒక గడి తెరిస్తే అందులో బోల్టుల పట్టిక. లోపలి పట్టిక అద్దెకున్నవాళ్ళలాంటిది, ఇంటివాడు బయట గోడ జరిపితే వీళ్ళ మంచం కూడా జరగాల్సిందే. బయట వెంట్రుకవాసి కదిలితే లోపలెక్కడో బోల్టు బరువు పోయి పక్క బోల్టు కింద కూర్చుంటుంది. మాస్టారు కట్టిన పట్టికలో అలాంటిది ఎన్నడూ జరగలేదు.

తెరను ఆయన నమ్మేవాడు కాదు. ప్రతి పేజీ కాగితం మీద తీయించి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కాగితాన్ని ముక్కుకి సూటిగా పెట్టి, ఎడమకన్ను మూసి, నిలువు గీత పొడవునా కుడికంటితో చూసేవాడు. వడ్రంగి చెక్క చూసినట్టు చూసేవాడు. పేజీ బాగుంటే కాగితం బల్లమీద పడేసి వెళ్ళిపోయేవాడు. తప్పు దొరికిందా, దిద్దుకోమని చెప్పడు. వచ్చి కూర్చుని, పొద్దుటి నుంచి కట్టిన పట్టికంతా ఒక్క దెబ్బకు చెరిపేసి, "మళ్ళీ కట్టు," అంటాడు. ఎక్కడ తప్పో మాత్రం చచ్చినా చెప్పడు. ఏడుస్తూ కట్టాలి, వెతుక్కుంటూ కట్టాలి. స్పేస్‌బార్ అలాగే నేర్చుకుంది. అలా చావగొట్టబట్టే కదా ఇంత పని వచ్చింది అనేవాళ్ళు ఆ ఆఫీసులో ఉన్నారు. అలా అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. నోరు మంచిదైన మాస్టారు దగ్గర ఇంతకు రెట్టింపు వచ్చేది, కడుపునిండా తిండి కూడా తినేది.

ఇంట్లో ఆమెకున్నది నాన్న ఒక్కడే. తల్లి చిన్నప్పుడే పోయింది. పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటై ఆమె పెట్టె పట్టుకుని తిరిగొస్తే, ఎందుకొచ్చావని ఒక్క మాట అడగకుండా తలుపు తీసి, పెట్టె లోపల పెట్టిన మనిషి ఆయన. దర్జీ. వయసు మీదపడి దుకాణం మూసేసినా, ఇంటి దగ్గర చుట్టుపక్కలవాళ్ళ బట్టలకి ఏవో చిన్నా చితకా కుట్లు వేస్తూనే ఉండేవాడు.

ఒకరోజు పొద్దున ఆయన గుమ్మం దగ్గర నిలబడి, తలుపు చట్రం ఏమిటి అమ్మా నడుం దగ్గర వంగినట్టుంది అన్నాడు. ఆమె చూసింది, చట్రం చక్కగా ఉంది. తర్వాత సూదిలో దారం ఎక్కట్లేదన్నాడు. బట్టమీద సుద్దగీత వంకర్లు పోతోందన్నాడు. ఆమెకు భయం వేసింది. ఆఫీసుకి వెళ్ళి, మాస్టారి బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, మర్నాటికి సెలవు అడిగింది. నాన్నకి తలుపు వంకరగా కనపడుతోందని, డాక్టరుకి చూపించాలని చెప్పింది. ఆ వారాల్లో ఒక పెద్ద కేటలాగు నడుస్తోంది. మాస్టారు తల ఎత్తకుండానే, "తలుపు వంకరైతే వడ్రంగిని పిలువు. డాక్టరెందుకు?" అన్నాడు.

గది మళ్ళీ నవ్వింది. ఈసారి ఆమె నవ్వలేదు.

కేటలాగు అయ్యేదాకా సెలవు లేదన్నాడు. ధిక్కరించి వెళ్ళిపోవచ్చుగా అని మనం ఇక్కడ కూర్చుని తేలిగ్గా అనగలం. పని పోతే ఇద్దరూ ఏం తినాలి? ఈ వారం వచ్చే వారం అంటూ వాయిదా పడుతూ పోయి, చివరికి తీసుకెళ్ళేసరికి డాక్టరు ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు, గీతలు వంగాయంటే ఆరోజే పరిగెత్తుకు రావద్దా అన్నాడు. కంటి వెనక పొరలో సన్నటి నాళాలు చిట్లి నీరు కారే జబ్బట. వయసు మళ్ళినవాళ్ళలో అంత అరుదేం కాదట. మొదట్లోనే వస్తే కంట్లో ఇంజక్షన్లతో నిలబెట్టచ్చు, ఆలస్యమైతే చూపు మధ్యలో నల్లటి మచ్చ పడిపోతుంది, ఇక ఎవరి తరం కాదు. నాన్న కుడికన్ను అలా పోయింది. చుట్టూ కనపడుతుంది, దేన్ని చూడాలనుకుంటే అదే కనపడదు.

రెండో కంటికీ రావచ్చని చెప్పి, డాక్టరు ఒక గళ్ళ కాగితం ఇచ్చాడు. అన్నీ ఒకే కొలత గళ్ళు, నట్టనడుమ ఒక చుక్క. రోజూ పొద్దున్నే చుక్క వైపు చూడాలి, ఏ గీత వంగినా ఆరోజే రావాలి. ఆమె దాన్ని బీరువా తలుపుకి అంటించింది. కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున నాన్న ఆ కాగితం ముందు నిలబడి, ఎడమవైపు గడి ఒకటి ఉబ్బినట్టుందమ్మా అన్నాడు. ఆమె సెలవూ అడగలేదు, గిలవూ అడగలేదు. గంటలో ఆసుపత్రిలో ఉంది. ఆ కన్ను దక్కింది. మర్నాడు ఆఫీసులో మాస్టారు ఆమెను అందరిముందూ నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు ఆమెకు చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. మొదటికన్ను సంగతే గుండెలో ముల్లులా ఉండిపోయింది. సెలవు ఇవ్వలేదన్న మాట నాన్నకి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెబితే నావల్ల నీకు ఆఫీసులో మాట పడిందా అని ఆయనే బాధపడతాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. పట్టికలో పట్టిక కట్టడంలో మాస్టారి తర్వాత ఆమే అన్నారు. పేరు మాత్రం స్పేస్‌బారే.

ఒక మధ్యాహ్నం మాస్టారు కిటికీ దగ్గర కాగితం ఎత్తి, ఎడమకన్ను మూసి చూసి, "ఈ గీత ఎవరు వంచారు?" అని అరిచాడు. పేజీ కట్టింది పొట్టాయన. ఆఫీసులో అందరికంటే పాతవాడు, నోట్లో నాలుక లేనివాడు. వచ్చి చూశాడు. స్పేస్‌బారూ వచ్చి చూసింది. గీత తిన్నగా ఉంది. పొట్టాయన నసుగుతూ, గీత ప్రోగ్రాం గీస్తుంది కదండీ, అదెలా వంగుతుంది అన్నాడు. మాస్టారు అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు. స్కేలు తెమ్మన్నాడు, గీత పక్కన పెట్టాడు, స్కేలు కూడా వంకర పోయిందని విసిరికొట్టాడు. కొత్త స్కేలు తెప్పించాడు. అదీ వంకరే. "స్కేళ్ళు అబద్ధం చెప్తాయేమో గానీ నా కన్ను చెప్పదు," అన్నాడు.

స్పేస్‌బార్‌కి అప్పుడే తెలిసిపోయింది. ఇందులో ఆలోచించడానికేం లేదు. బీరువా తలుపు ముందు ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషి ఆమె. ఆ క్షణంలో ఆమెకు మొదట కలిగింది జాలి కాదు, భయం కాదు, సంతోషం. ఒళ్ళంతా జిల్లుమనేంత సంతోషం. వడ్రంగిని పిలవండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది. ఆ రోజు సాయంత్రం దాకా ఒక్క తప్పు లేకుండా పని చేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర స్కేళ్ళ సంగతి నాన్నకి చెప్పింది. నవ్వుకోవడానికే చెప్పింది. ఆయన నవ్వలేదు. నోటి దగ్గరికి పోయిన చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, అది నా జబ్బే. రేపు వెళ్ళగానే చెప్పు. ఒక్కపూట కూడా ఆగద్దని చెప్పు," అన్నాడు.

చెప్తానంది. ఆయన లేచి వెళ్ళి, వెతికి, డాక్టరు చీటీ తెచ్చి ఆమె సంచిలో తానే పెట్టాడు. మర్నాడు ఆఫీసులో ఆమె దాన్ని చెత్తబుట్టలో కత్తిరింపు ముక్కల కింద పడేసింది. సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే నాన్న అడిగాడు, చెప్పావా అని. చెప్పాను నాన్నా అంది. వెళ్తానన్నారా? వెళ్తానన్నారు. తర్వాత కొన్నాళ్ళకి ఇంజక్షను పడిందా అన్నాడు. పడింది అంది. నొప్పి బాగా ఉంటుంది, పాపం, రెండురోజులు తలస్నానం చెయ్యద్దని చెప్పు అన్నాడు. సరేనంది. అబద్ధం ఒకసారి మొదలెడితే ఆపడం కష్టమంటారు గానీ ఆమెకేం కష్టం కాలేదు. నున్నగా నడిచిపోయింది. ఆయన అంతగా పట్టించుకోవడం చూసి ఒక్కోసారి ఆమెకే కడుపు మండేది. నీ కన్ను తిన్నవాడి గురించి నీకెందుకయ్యా ఇంత ఆరాటం అని లోపల్లోపల పళ్ళు నూరుకునేది.

ఆఫీసులో వంకర గీతల గోల రోజురోజుకీ ముదిరింది. మాస్టారు కళ్ళజోడు మార్చాడు. దీపం మార్పించాడు. కాగితం కంపెనీ మార్పించాడు. మనిషి లోపల బెదిరిపోయాడని చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉంది. బెదిరినకొద్దీ నోరు పెరిగింది. దిద్దమన్న గీతను పొట్టాయన దిద్దలేదు. ఎలా దిద్దుతాడు, అది తిన్నగా ఉంటే? అదే పేజీ మళ్ళీ తీసి, దిద్దానండీ అని చేతిలో పెట్టేవాడు. ఒక్కోసారి మాస్టారు ఇప్పుడు దారికొచ్చింది అనేవాడు కూడా. అందరూ చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు ఆయన ఫైలు తెరిపించి చూశాడు. ఏ ఆజ్ఞా మారలేదు. తనను వెధవని చేసి ఆడిస్తున్నారని యజమాని గదిలోకి వెళ్ళి, వాడైనా ఉండాలి నేనైనా ఉండాలి అని కూర్చున్నాడు.

పొట్టాయన స్పేస్‌బార్ బల్ల దగ్గరికి వచ్చాడు. "నువ్వూ చూశావు కదమ్మా. గీత తిన్నగానే ఉందని యజమానికి ఒక్క మాట చెప్పు. మాస్టారి కంటిమీద ఆయనకంత గురి, నా మాట నమ్మట్లేదు. తక్కినవాళ్ళు నోరు విప్పరు," అన్నాడు.

ఆమె తెరమీంచి కళ్ళు తిప్పలేదు. "నేను సరిగ్గా చూడలేదండీ," అంది.

చెబితే మాస్టారి కన్ను సంగతి బయటపడుతుంది. బయటపడితే ఎవరో ఒకరు ఆయన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోతారు. ఆమె లెక్క అది. పొట్టాయన తన బల్ల సొరుగులోంచి కళ్ళజోడు పెట్టె, టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయనకు ఇంకెక్కడా పని దొరకలేదని తర్వాత విన్నారు. ఆ రాత్రి స్పేస్‌బార్‌కి నిద్ర పట్టలేదు, నిజమే. మర్నాడు మాత్రం పట్టింది.

పొట్టాయన పేజీలు ఇప్పుడు ఆమె చేతికొచ్చాయి. ఆమె ఆయనలా నాటకాలు ఆడలేదు. మాస్టారు చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆయన కాగితం మీద ఎర్రకలంతో, ఇక్కడ గీత కుడికి ఉబ్బింది, సగం మిల్లీమీటరు ఎడమకి లాగు అని గుర్తుపెట్టేవాడు. ప్రోగ్రాముకి గీత వంచడం రాదు. అందుకని ఆమె లోపలి పట్టికను వరసకొకటి చొప్పున ముక్కలు చేసి, ఒక్కో వరసను ఒక్కో సొంత పట్టిక కింద కట్టి, వాటన్నిటినీ పెద్ద గడిలో ఒకదాని కింద ఒకటి పేర్చింది. ఒకదాన్ని కాస్త ఎడమకి జరిపి, దాని కిందదాన్ని ఇంకాస్త జరిపి, ఆ కిందదాన్ని వెనక్కి తెచ్చింది. అంకెల్లో చుక్కలు కూడా ఆ వంకర వెంటే నడిచాయి. ఇంత సున్నితమైన పని ఆ ఆఫీసులో ఇంకెవరికీ రాదు. పేజీలో ఎక్కడెక్కడ గీత తిన్నగా ఉందో అక్కడల్లా జాగ్రత్తగా వంచింది. తిన్నగా ఉన్న అసలు ఫైళ్ళని వేరే దాచుకుంది.

మాస్టారు ఆ పేజీలు కిటికీ దగ్గర చూసి, చాలారోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నాడు. "నువ్వొక్కదానివే మిగిలావు నాకు," అన్నాడు. ఎన్నో ఏళ్ళలో ఆయన నోట్లోంచి ఆమెకొచ్చిన మొదటి మంచిమాట అది. ఆమె థాంక్స్ మాస్టారూ అంది.

మాస్టారు చూసిన పేజీని ఇంకెవరూ చూడరు, కేటలాగు అలాగే అచ్చయి వచ్చింది. పంపుల కంపెనీవాళ్ళు దాన్ని యజమాని బల్లమీద విసిరేసి వెళ్ళిపోయారట. యజమాని అందరినీ పిలిచాడు. ప్రతి పేజీలోనూ నిలువు గీతలు పాము పాకినట్టు మెలికలు తిరిగున్నాయి. మాస్టారు పుస్తకం అందుకుని, ఎడమకన్ను మూసి చూశాడు. మొహం వెలిగిపోయింది. పుస్తకాన్ని అందరివైపూ తిప్పి పట్టుకుని, "చూడండి, ఎంత తిన్నగా ఉన్నాయో. ఇన్నాళ్ళకి ఒక పుస్తకం సరిగ్గా వచ్చింది," అన్నాడు.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు ఆయనకి అర్థం కాలేదు. ఎడమకన్ను తెరిచాడు, రెండు కళ్ళతో చూశాడు, మళ్ళీ మూశాడు. స్పేస్‌బార్ ఎదురుగా నిలబడి అంతా చూసింది. యజమాని చెడ్డవాడు కాదు, కాసేపు నీళ్ళు నమిలి, కళ్ళు ఒకసారి చూపించుకోండి, కొన్నాళ్ళు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి అన్నాడు. విశ్రాంతి అంటే ఏమిటో అందరికీ తెలుసు. వంచమన్న ఎర్రకలం గుర్తులన్నీ మాస్టారివే గనక స్పేస్‌బార్‌ని ఎవరూ తప్పుపట్టలేదు, మర్నాడు ఆయన కుర్చీలో ఆమే కూర్చుంది. దాచుకున్న ఫైళ్ళు తీసి, తిన్నటి గీతలతో పుస్తకం మళ్ళీ అచ్చుకి పంపింది. యజమాని నోరెళ్ళబెట్టి మెచ్చుకున్నాడు.

మాస్టారు కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు గానీ డాక్టరు దగ్గరికి పోలేదు. కొత్త జోడు తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నాడని, భార్యతో ఎప్పుడూ లేనంతగా పోట్లాడుతున్నాడని ఎవరో చెప్పారు. ఆమె విని ఊరుకుంది. ఇప్పుడైనా ఒక్క ఫోను చేస్తే సరిపోయేది, ఆమెకొచ్చే నష్టం కూడా ఏమీ లేదు. చెయ్యలేదు.

తర్వాత నాన్నకి మామూలుగా కన్ను చూపించే రోజు వచ్చింది. కంటి ఆసుపత్రిలో వరండా పొడవునా కుర్చీలు, కళ్ళలో చుక్కలు వేయించుకుని తలలు వెనక్కి వాల్చిన మనుషులు. ఆమె ఫైలు ఒళ్ళో పెట్టుకుని నాన్న పక్కన కూర్చుంది. ఎదురు కుర్చీలో ఉన్న ఆవిడ ఆమెకేసి అదేపనిగా చూసి, "నువ్వు ఆఫీసులో అమ్మాయివి కదూ?" అంది. పక్కనున్నాయన మోచెయ్యి తట్టి, "ఏమండీ, మీ ఆఫీసు అమ్మాయి," అంది.

ఆయన మాస్టారు. నల్ల కళ్ళజోడు పెట్టుకున్నాడు, గెడ్డం మాసి ఉంది. మొహం ఎత్తి, ఆమె ఉన్న వైపు కాక పక్కకు తిప్పి, "ఎవరు? స్పేస్‌బారా?" అన్నాడు.

ఆమె నాన్న చెయ్యి పట్టుకుని లేపబోయింది. డాక్టరు పిలుస్తున్నాడని ఏదో అంది. నాన్న లేవలేదు. ఆయన మొహం విప్పారింది.

"మాస్టారు మీరేనా! నమస్కారమండీ. మా అమ్మాయి చెప్పగానే వచ్చి చూపించుకున్నారు, ఎంత మంచిపని చేశారో. ఈ ఎడమకన్ను నాకు అలాగే దక్కింది. మీకు ఇంజక్షన్లు పడి ఏడాది దాటినట్టుంది కదా, గీతలు తిన్నగా కనపడుతున్నాయా ఇప్పుడు?"

మాస్టారి భార్య అయోమయంగా చూసింది. "ఏడాదేమిటండీ? మేం మొదటిసారి వచ్చిందే మొన్న. కుడికన్ను పూర్తిగా పోయిందన్నారు, ఎడమకంటికీ మొదలైందన్నారు. ముందే ఎందుకు రాలేదని డాక్టరు మమ్మల్ని తిట్టాడు. మాకెవరు చెప్పారు గనక? మీ అమ్మాయి ఏం చెప్పింది?"

నాన్న మెల్లగా కూతురి వైపు తిరిగాడు. "చెప్పలేదా అమ్మా?"

ఏడాదిపాటు నున్నగా నడిచిన అబద్ధాల్లో ఒక్కటీ అప్పుడు నోటికి రాలేదు.

"నీకు ముందే తెలుసా?" అంది ఆవిడ.

"తెలుసండీ."

"ఎప్పట్నించి?"

"మొదటిరోజు నుంచీ."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు మాత్రం కన్ను గురించి ఏమీ అడగలేదు. ఎంతో నెమ్మదిగా, "ఆ రోజు గీత తిన్నగానే ఉందా?" అన్నాడు.

"తిన్నగానే ఉంది మాస్టారూ."

"మరి పొట్టాయన?"

"ఆయన నిజమే చెప్పాడు."

"కేటలాగు?"

"మీరు చెప్పినట్టే వంచాను."

ఆయన తల దించుకున్నాడు. ఈ మొహం ఇలా చూడాలని ఆమె ఎన్నేళ్ళు కాచుకుందో. ఇప్పుడు చూస్తోంది. ఇందులో తనకు రావాల్సిన సంతోషం ఎక్కడా తగల్లేదు. అది దొరకనందుకే ఇంకా కసి పుట్టి, నాన్నవైపు తిరిగి, ఇన్నాళ్ళూ దాచిన మాట కక్కేసింది. "నీ కన్ను పోయింది ఈయన వల్లే నాన్నా. నిన్ను చూపిస్తానంటే సెలవివ్వలేదు. అందరిముందూ వెటకారం చేశాడు. పుస్తకం అయ్యేదాకా కదలనివ్వలేదు. అందుకే ఆలస్యమైంది."

మాస్టారు తనకేమీ గుర్తులేదన్నాడు. నిజంగానే గుర్తులేదు. ఆ మొహం చూస్తే తెలుస్తోంది.

నాన్న అంతా విన్నాడు. ఎప్పుడో పోయిన కంటిని అలవాటుగా వేలితో ఒత్తుకున్నాడు. "అది ఇంత జబ్బని ఆయనకి తెలీదు కదమ్మా," అన్నాడు. చెయ్యి దించి, "నీకు తెలుసు," అన్నాడు.

అని లేచాడు. ఆమె చెయ్యి అందించింది, పట్టుకోలేదు. కుర్చీల వీపులు తడుముకుంటూ అవతలి వరసకి వెళ్ళి మాస్టారి పక్కన కూర్చున్నాడు. ఎడమకంటికి ఇప్పుడే మొదలైతే భయం లేదని, ఇంజక్షను వేసేటప్పుడు కదలకుండా ఉంటే నొప్పి తెలీదని, బీరువాకి గళ్ళ కాగితం అంటించుకోమని ఆయనకీ ఆయన భార్యకీ నెమ్మదిగా చెప్పసాగాడు. ఇటువైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఆమె ఫైలు గుండెకి హత్తుకుని నిలబడే ఉంది. వెళ్ళి పక్కన నిలబడాలో, ఇక్కడే ఉండాలో తెలీలేదు.

లోపల్నుంచి నర్సు వచ్చి నాన్న వంతు వచ్చిందని చెప్పింది. ఆయన లేచాడు. "పేషంటు తాలూకు ఎవరండీ?" అని అడిగింది నర్సు. ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"ఎవరూ రాలేదమ్మా. ఒక్కణ్ణే వచ్చాను," అన్నాడు నాన్న. గోడ పట్టుకుని నర్సు వెనకే లోపలికి వెళ్ళిపోయాడు.